దిద్దుడు అంటే చెయ్యి పట్టి రాయించుడు: మన నోటి తప్పుల చరిత్ర



ఈసారి పోస్టు కొంచెం పొడుగున్నది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ మొత్తం చదవండి. ముఖ్యంగా ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు.

2023-24 విద్యా సంవత్సరం నుంచి మన ఇంటర్ బోర్డు ఇంగ్లీష్‌కు కూడా ప్రాక్టికల్ పెట్టింది. 80 మార్కులు రాతకు, 20 మార్కులు ప్రాక్టికల్‌కు. అంతకుముందు ఇంగ్లీష్ అంటే మనకు రాసే సబ్జెక్టే. గైడు పట్టుకొని, వ్యాసాలు బట్టీ కొట్టి గట్టెక్కేటోళ్లం. ఇప్పుడు నోరు తెరవాలె. మా హాస్టల్ల జూనియర్లను అడిగితే వాళ్లకు 20 మార్కుల భయం లేదు. "మాట్లాడితే తప్పు వస్తది, తప్పు వస్తే నవ్వుతరు" అన్న భయం ఉన్నది. తెలిసిన జవాబు కూడా మింగేసి కూసునే పిల్లలు ప్రతి క్లాసుల ఉన్నరు. వాళ్లల్ల ఎక్కువ మంది మనోళ్లే.

ఈ భయం ఎవరి స్వభావమూ కాదు, దీనికి ఒక చరిత్ర ఉన్నది. మన ఇందూరు జిల్లాల, బోధన్ చెరుకు పొలాల నడుమ, మన తండాలల్ల, గూడేలల్ల, మాట తప్పు పోతే ఎవరు దిద్దిండ్రు, ఎట్ల దిద్దిండ్రు, ఎందుకు దిద్దిండ్రు అన్నది తెలుసుకుంటే, ఇప్పుడు మనం ఏం చెయ్యాల్నో కూడా తెలుస్తది.

బడి లేని కాలంల భాష ఎట్ల వచ్చింది?

మన లంబాడీ తాతముత్తాతలు బడికి పోలేదు. కానీ వాళ్లకు ఒక్క భాషతో బతుకు గడవలేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఎక్కించుకొని దేశమంతా తిరిగిన బంజారాల సంగతి మొగలుల కాలం రాతలల్ల కూడా ఉన్నది. దండులకు తిండి గింజలు చేర్చింది వాళ్లే. ఇంట్ల గోర్ బోలి. దారిల ఏ ఊరు తగిలితే ఆ ఊరి భాష. తెలుగు రైతుతో తెలుగు, మరాఠీ సావుకారితో మరాఠీ, సర్కారు మనిషితో దక్కనీ ఉర్దూ.

ఆ బేరంల తప్పు మాట్లాడితే ఏమయ్యేది? అంకె తప్పు చెప్తే నష్టం వచ్చేది, మాట అర్థం కాకపోతే ఎదుటి మనిషి మళ్లీ అడిగేటోడు. అంతే. వ్యాకరణం కోసం ఎవరూ బేరం ఆపలేదు. భావం అందితే చాలు, అందకపోతే సరిచేసుకునుడు. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి. కింద బెంగళూరు ప్రయోగం గురించి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తది.

1900 ప్రాంతంల సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు మార్గం మన జిల్లా మీదుగా వచ్చింది. రైళ్లు, రోడ్లు పెరిగిన కొద్దీ ఎద్దుల మీద సరుకు మోసే పని పడిపోయింది. దేశమంతా తిరిగిన జాతి తండాలల్ల స్థిరపడ్డది. ఆ తర్వాత మన పిల్లల ముందుకు బడి వచ్చింది. బడిల భాష మనది కాదు.

ఉర్దూ ఏలిన రోజులు

నిజాం రాజ్యంల మొదట పారసీ, 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఉర్దూ రాజభాష. 1917ల ఫర్మానా వచ్చి, 1918ల ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డది. చదువంతా ఉర్దూలనే, ఇంగ్లీష్ తప్పనిసరి సబ్జెక్టు. ఒక భారతీయ భాషల పెద్ద చదువులు చెప్పొచ్చు అని రుజువు చేసినందుకు అది గొప్ప పనే. కానీ ఇంట్ల తెలుగు మాట్లాడే పిల్లలకు, ఆ తెలుగు కూడా ఇంటిభాష కాని మన పిల్లలకు, ఉర్దూ ఇంకో గోడ.

ఆ కాలంల ఒక సంఘటన మనందరం చదవాలె. 1921 నవంబరుల హైదరాబాద్‌ల సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఇంగ్లీష్‌ల, ఉర్దూల, మరాఠీల ఉపన్యాసాలు నడిచినయ్. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగుల మాట్లాడబోతే సభల గోల చేసిండ్రు, ఎగతాళి చేసిండ్రు. ఆయన మాటల తప్పేం లేదు. ఆయన భాషనే తప్పు అన్నట్టు నవ్విండ్రు. ఆ అవమానం మింగుడుపడని తెలుగువాళ్లు అదే రోజుల్ల నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘానికి పునాది వేసిండ్రు. గ్రంథాలయాలు పెట్టిండ్రు, బడుల కోసం కొట్లాడిండ్రు. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1937ల ఆరో మహాసభ మన నిజామాబాద్‌లనే జరిగింది, మందుముల నరసింగరావు గారు అధ్యక్షులు.

దీని నుంచి మనం రెండు సంగతులు తీసుకోవాలె. ఒకటి, ఎదుటోళ్లు నవ్వితే మనిషి నోరు మూసుకుంటడు, లేదా ఉద్యమం లేపుతడు. చదువుకున్నోళ్లు, తోడున్నోళ్లు కాబట్టి వాళ్లు ఉద్యమం లేపిండ్రు. ఒక్కడే ఉన్న తండా పిల్లగాడు నోరు మూసుకున్నడు. రెండోది, తెలుగుకు న్యాయం దొరికిన తర్వాత అదే తెలుగు బడిల, లంబాడీ, గోండి మాట్లాడే పిల్లల నోటికి అదే ఎగతాళి ఎదురైంది. నిన్న నవ్వు పడ్డ భాష ఇయ్యాల నవ్వే భాష అయింది. ఇది ఎవరి మీదనో కోపంతో రాస్తలేము. గెలిచిన ప్రతి భాషకూ ఈ జబ్బు వస్తది. రేపు మనకు ఇంగ్లీష్ వచ్చినంక మనకూ రావొచ్చు, అందుకే రాస్తున్నం.

మార్లవాయి చూపిన ఇంకో తొవ్వ

1940ల జోడేఘాట్ కాడ కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోవాలని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిల ఉండి గోండులతో కలిసి బతికిండు. 1943ల అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషల వాచకాలు తయారైనయ్, లిపి దేవనాగరి. పంతులు గోండు, భాష గోండి. మొదట సొంత భాషల అక్షరాలు, ఆ తర్వాత వేరే భాషలు.

దిద్దే పని విషయంల ఇది ఎందుకు ముఖ్యం? దిద్దే మనిషికి పిల్లగాని భాష వచ్చు. పిల్లగాడు ఒక మాట తప్పు అంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో పంతులుకు తెలుస్తది. తెలిసినోడు నవ్వడు, "మన దాంట్ల గిట్ల అంటం, వాళ్ల దాంట్ల గట్ల అంటరు" అని చెప్తడు. గంతే తేడా. ఆ పద్ధతి రాజ్యమంతా పరుచుకోలేదు. మన తండాలకైతే అసలే రాలేదు. కానీ అది మన పక్క జిల్లాలనే, మన కండ్ల ముందరి చరిత్ర.

చెరుకు తెచ్చిన భాషలు

ఇగ మన బోధన్‌కు వద్దాం. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టిండ్రు. నీళ్లు వచ్చినయ్, కోస్తా నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని దిక్కు క్యాంపులు వేసుకున్నరు. చెరుకు వచ్చింది. 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన ఊరి పేరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు.

ఆ చుట్టుపక్కల ఒక్కసారి చెవి పెట్టి వింటే ఎన్ని భాషలు! మంజీర అవతల మరాఠీ, బోధన్ బజార్ల ఉర్దూ, ఊర్లల్ల ఇందూరు తెలుగు, క్యాంపులల్ల కోస్తా తెలుగు, తండాలల్ల గోర్ బోలి. ఫ్యాక్టరీతో పాటు ఇంగ్లీష్ మాటలు: క్రషింగు, బాయిలరు, షిఫ్టు, పర్మిటు, సీజను. చెరుకు బండి తోలే మనిషికి ఏబీసీడీ రాకున్నా ఈ మాటలు వచ్చు. మాట చివర అచ్చు పెట్టి మన నోటికి తగ్గట్టు చేసుకున్నరు. బస్సు, కారు, రైలు ఎట్ల మనయైనయో గట్లనే. వాటిని ఎవరూ తప్పు అనలేదు. ఎందుకంటే ఆ మాటలతో పని జరుగుతుండె.

అదే మనిషి కొడుకు బడికి పోయి "స్కూలు" అంటే మాత్రం "స్కూల్ అనురా" అన్నరు. తండ్రికి పని నేర్పిన పలుకే కొడుక్కు తప్పు అయింది. ఫ్యాక్టరీ ఇంగ్లీష్ వేరు, బడి ఇంగ్లీష్ వేరు అన్నది మన పెద్దలకు గట్ల తెలిసింది. 2002ల ఫ్యాక్టరీల పెద్ద వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరుల తాళం పడ్డది. ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు పది చదివితే ఏదో ఒక పని దొరుకుతది అన్న ధైర్యం ఉండె. తాళం పడ్డంక మన పోరగాండ్లకు మిగిలింది హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్. మూడు దిక్కులా అడిగేది ఒకటే, "ఇంగ్లీష్ వస్తదా?" అందుకే ఇది మనకు ఊసుపోక చర్చ కాదు.

తప్పు అంటే పాపం అన్న కాలం

1948 తర్వాత ఉస్మానియాల ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీష్ వచ్చింది. 1956ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డంక బడులల్ల తెలుగు మీడియం గట్టిపడ్డది. ఇంగ్లీష్ పంతుళ్లకు శిక్షణ ఇచ్చేటందుకు 1958ల హైదరాబాద్‌లనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టిండ్రు. ఇయ్యాల దాన్ని ఇఫ్లూ అంటున్నం.

ఆ రోజుల్ల ప్రపంచమంతా ఒకటే నమ్మకం నడుస్తుండె. భాష అంటే అలవాటు. మంచి అలవాటు పదిసార్లు పలికిస్తే వస్తది, చెడ్డ అలవాటు ఒక్కసారి తప్పు పలికినా పాతుకుపోతది. కాబట్టి తప్పును పుట్టక ముందే ఆపాలె, పుడితే అక్కడికక్కడే తుంచాలె. అమెరికాల పెద్ద పండితులు కూడా తప్పును పాపంతో పోల్చిండ్రు. మన దేశంల స్ట్రక్చరల్ పద్ధతి అని వచ్చింది గూడా దీని చుట్టమే. పంతులు ఒక వాక్యం చెప్తడు, క్లాసంతా ముక్తకంఠంతో అంటది, ఒక్కొక్కళ్లను లేపి అనిపిస్తడు, తప్పు అన్నోన్ని నిలబెడతడు.

ఆ నమ్మకం మన దాకా వచ్చేసరికి బెత్తం తోడైంది. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాల చేరినంక, తండా పిల్లలు హాస్టళ్లకు పెద్ద సంఖ్యల రావుడు షురువైంది. ఆ తరం పిల్లలకు దిద్దుడు రెండుసార్లు జరిగింది. మొదట తెలుగు దిద్దిండ్రు, "గట్ల కాదురా, గిదా తెలుగు?" అని. ఆ తెలుగు సక్కగ కాకముందే ఇంగ్లీష్ దిద్దిండ్రు. మా దగ్గర పెద్దోళ్లు చెప్పే ముచ్చట్లల్ల ఇంగ్లీష్ పాఠం గుర్తుకు రాదు, లేచి నిలబడ్డది గుర్తుకొస్తది.

1967: తప్పుకు తెలివి ఉన్నదని చెప్పినోళ్లు

1967ల పిట్ కార్డర్ అనే బ్రిటిష్ పండితుడు ఒక వ్యాసం రాసిండు. నేర్చుకునేటోళ్ల తప్పులకు అర్థం ఉన్నది, అవి చెత్త కాదు అన్నడు. అలసటతోనో తొందరల్నో నోరు జారితే అది ఒక రకం. ఆ మనిషే మళ్లీ సరిచేసుకుంటడు. కానీ ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చే తప్పు వేరే రకం. అది ఆ మనిషి లోపల ఏ నియమం తయారు చేసుకున్నడో చూపిస్తది. 1972ల లారీ సెలింకర్ ఇంకో అడుగు వేసిండు. నేర్చుకునేటోడు ఇంటిభాషకు, కొత్త భాషకు నడుమ తనదే ఒక భాష కట్టుకుంటడు, దానికి దాని నియమాలున్నయ్ అన్నడు.

ఈ మాటలు మన నోటికి పెట్టి చూద్దాం.

మనోళ్లు "ఐ డిడ్ నాట్ వెంట్" అంటరు. క్లాసు నవ్వుతది. కానీ ఆలోచించండి. ఆ పిల్లకు ఇది జరిగిపోయిన పని అని తెలుసు. జరిగిపోయిన పనికి "గో" కాదు, "వెంట్" అని తెలుసు. తెలిసిన నియమాన్ని రెండు చోట్ల పెట్టింది, ఒక్క చోట పెడితే చాలు. రాక కాదు, ఎక్కువ వచ్చి జరిగిన తప్పు. ఇంగ్లీష్ తల్లులకు పుట్టిన పసిపిల్లలు కూడా "వెంట్" బదులు "గోడ్" అంటరు. వాళ్లను ఎవరూ నిలబెట్టరు.

మేడమ్ గురించి చెప్తూ "హీ" అంటం. ఇది మర్యాద లేక కాదు. ఉర్దూల "వో" అంటే ఆయన, ఆమె ఇద్దరూ. మన గోర్ బోలిల "ఊ" కూడా గట్లనే. ఆడ మగ తేడా క్రియల పట్టుకుంటం, సర్వనామంల కాదు. అలవాటైన చెవి "హీ", "షీ" రెండింటినీ ఒకటే గూట్ల పెడ్తది.

"ది" మర్చిపోతం. తెలుగుల "ది" లాంటి మాట లేదు. గోర్ బోలిల లేదు, ఉర్దూల లేదు, మరాఠీల లేదు, గోండిల లేదు. బోధన్ బస్టాండ్ల వినపడే ఏ దేశీ భాషల కూడా లేని మాట అది. అది రాకపోవుడు వింత కాదు, వస్తేనే వింత.

"వాట్ యు ఆర్ డూయింగ్?" అంటం. మన భాషలల్ల ప్రశ్న అడిగేటందుకు మాటలను తిప్పెయ్యాల్సిన పని లేదు. గొంతు లేపితే చాలు, "నువ్వు పోయినవా?" అన్నట్టు చివర చిన్న ముక్క పెడితే చాలు. ఇంగ్లీష్‌ల "ఆర్"ను ముందరికి గుంజాలె. ఆ గుంజుడు కొత్త పని.

అంటే మన తప్పుల ఎనక నాలుగైదు భాషలు మోసే బుర్ర ఉన్నది. ఒక్క భాషే తెలిసిన మనిషికి ఈ తప్పులు చేసే అదృష్టం కూడా ఉండదు.

బెంగళూరు, కెనడా ఏం చెప్పినయ్?

1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే మన దేశపు ఇంగ్లీష్ పండితుడు బెంగళూరు, మద్రాసు దిక్కు బడులల్ల ఒక ప్రయోగం చేసిండు. దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటరు. అక్కడ వ్యాకరణ పాఠం లేదు. పిల్లలకు పని ఇస్తరు: మ్యాపు చూసి దారి చెప్పుడు, రైళ్ల టైం టేబుల్ చూసి లెక్క తేల్చుడు. ఆ పని చెయ్యాలంటే ఇంగ్లీష్ వాడాలె. తప్పు వస్తే పంతులు పాఠం ఆపి నియమం చెప్పడు, పది ఉదాహరణలు రాయించడు. ఆ ఒక్క మాటను అక్కడనే సరిచేసి పని ముందుకు నడిపిస్తడు. మీదికెల్లి చెప్పిన బంజారా బేరం గుర్తుకొచ్చిందా? భావం అందాలె, పని నడవాలె, దిద్దుడు దానికి సాయం కావాలె. మన తాతలు అంగడిల చేసింది, ప్రభు సారు బడిల పెట్టి చూసిండు.

మరి అంత మెల్లగ దిద్దితే పిల్లలకు ఎక్కుతదా? ఇది సరైన ప్రశ్న. 1997ల లిస్టర్, రాంటా అనే ఇద్దరు పరిశోధకులు కెనడాల ఫ్రెంచ్ నేర్చే పిల్లల క్లాసులు రికార్డు చేసి లెక్క తీసిండ్రు. టీచర్లు చేసిన దిద్దుళ్లల్ల సగానికి పైగా, 55 శాతం, ఒకటే తీరు: పిల్లగాడు తప్పు అంటే టీచర్ అదే మాటను సరిగ్గా తిరిగి అంటడు. "ఐ డిడ్ నాట్ వెంట్" అంటే "ఓ, యు డిడ్ నాట్ గో" అన్నట్టు. నవ్వు లేదు, అవమానం లేదు. కానీ దాన్ని పట్టించుకొని పిల్లలు ఏదో ఒక తీరుగ స్పందించింది 31 శాతం సార్లే. మిగిలిన సార్లు, టీచర్ తన మాటకు ఊ కొడుతున్నదనుకొని ముందుకు పోయిండ్రు. అదే టీచర్ "ఐ డిడ్ నాట్..?" అని ఆగి, మిగిలిన మాట పిల్లగాని నోటితోనే రప్పిస్తే మాత్రం ప్రతిసారి స్పందన వచ్చింది.

1999ల జాన్ ట్రస్కాట్ అనే ఆయన ఇంకో మాట అన్నడు. మాట్లాడేటప్పుడు వ్యాకరణం దిద్దుడే దండగ, మానుకోండి అని. చాలా మంది ఒప్పుకోలేదు. మేము కూడా ఒప్పుకోము. కారణం చెప్తం. పట్నంల ఇంట్ల ఇంగ్లీష్ వినే పిల్లగాన్ని క్లాసుల దిద్దకున్నా ఇంట్ల, టీవీల, స్నేహితుల దగ్గర సరైన మాట వింటడు. మనకు క్లాసు తప్ప వేరే చోటు లేదు. "పాపం తండా పిల్లలు, ఏదో మాట్లాడనియ్యి" అని వదిలేస్తే అది దయ లెక్క కనపడ్తది, కానీ అది మనల్ని తక్కువ చేసుడే. నవ్వే పంతులు మన నోరు మూయిస్తడు. జాలిపడి వదిలేసే పంతులు మనల్ని అక్కడనే నిలబెడ్తడు. మనకు రెండూ వద్దు. మనకు దిద్దుడు కావాలె, ఇజ్జత్ తోటి కావాలె.

కాగితం మీద మారింది, క్లాసుల మారిందా?

2004ల ఉమ్మడి రాష్ట్రంల ఎనిమిది గిరిజన భాషలల్ల మాతృభాషా బోధన మొదలైంది. గోండి, కోలామి, కోయతో పాటు బంజారా కూడా అందుల ఉన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంటిభాషను అడ్డంకి లెక్క కాదు, బలం లెక్క చూడమన్నది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టుడును, మానసికంగా వేధించుడును నిషేధించింది. 29వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, పిల్లలు భయం లేకుండ తమ మనసుల మాట స్వేచ్ఛగా చెప్పేటట్టు చదువు ఉండాలన్నది. 2011 రాష్ట్ర చట్రం తర్వాత వచ్చిన కొత్త ఇంగ్లీష్ పుస్తకాలల్ల గ్రూపుల కూసొని, ఒకళ్లు రాసింది ఇంకొకళ్లు చూసి సరిచేసే పద్ధతి పెట్టిండ్రు. 2022-23 నుంచి సర్కారు బడులల్ల 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది.

కాగితం మీద మంచిగనే ఉన్నది. కానీ పదో తరగతి పరీక్షల ఏముంటది? ఒక పేరా ఇచ్చి తప్పులు పట్టుమంటరు. తప్పు పట్టుడుకు మార్కులున్నయ్, తప్పో ఒప్పో నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పినందుకు ఆ పేపర్ల మార్కు లేదు. పదేండ్లు తప్పు పట్టుడు నేర్పించి, ఇంటర్‌ల ఒక్కసారి మాట్లాడమంటే ఎట్ల వస్తది? తోటి పిల్లల తప్పు వినపడంగనే నవ్వు వచ్చేది గిందుకే. వాళ్లకు నేర్పింది గదే.

మనం చెయ్యగలిగింది

తెలుగుల "దిద్దు" అన్న మాటకు రెండు అర్థాలున్నయ్. ఎర్ర పెన్నుతో కొట్టేసుడు ఒకటి. రెండోది, పాతది: పలక మీద అక్షరం రాసిచ్చి, పిల్లగాని చెయ్యి పట్టుకొని దాని మీదనే మళ్లీ మళ్లీ రాయించుడు. బొట్టు దిద్దుడు, ముగ్గు దిద్దుడు అంటం చూడండి, ఆ దిద్దుడు. హాస్టళ్లల్ల మనం చెయ్యాల్సింది ఈ రెండో దిద్దుడు. సారు మారేదాక ఆగనవసరం లేదు.

రాత్రి భోజనాలైనంక అరగంట, ఐదారుగురు కూసుంటే చాలు. ముందు ఒక పని పెట్టుకోండి: తండా నుంచి నిజామాబాద్ బస్టాండ్‌కు దారి చెప్పుడు, చెరుకు నాటిన కాడ నుంచి చక్కెర అయ్యేదాక చెప్పుడు, యాడి చేసే రొట్టె ఎట్ల చేస్తరో చెప్పుడు. మాట్లాడేటోళ్లు మాట్లాడినన్ని సేపు ఎవరూ అడ్డం పోవద్దు. అర్థం కాకపోతేనే అడగాలె. ఒకళ్లు నోట్ బుక్ల తప్పులు రాసుకోవాలె, పేరు లేకుండ. అయిపోయినంక రెండు తప్పులే తీసుకోండి, ఇరవై కాదు. ఎప్పుడూ వచ్చే తప్పునే తీసుకోండి, నోరు జారింది వదిలెయ్యండి. జవాబు మీరు చెప్పకండి. "ఐ డిడ్ నాట్..?" అని ఆగండి, వాళ్లనే అననియ్యండి. అననంక, మన గోర్ బోలిల ఎట్ల అంటం, గోండిల ఎట్ల అంటం, తెలుగుల ఎట్ల, ఇంగ్లీష్‌ల ఎట్ల అని పక్కపక్కన పెట్టి చూడండి. మార్లవాయిల పంతులుకు పిల్లల భాష వచ్చు. మన జూనియర్ల భాష కూడా మనకు వచ్చు. ఏ ఖరీదైన కోచింగ్ సెంటర్ల లేని సౌకర్యం అది.

ఇంకో మాట. డిగ్రీకి వచ్చినోళ్లు, గురుకులాలల్ల చదివినోళ్లు, కొంచెం మంచిగ మాట్లాడేటోళ్లు ఇది చదువుతున్నరు. జూనియర్ తప్పు అంటే వచ్చే ఆ నవ్వు ఉన్నది చూడండి, అది 1921 సభల నుంచి వస్తున్న నవ్వు. దాన్ని మన హాస్టల్ గేటు దాటి లోపలికి రానియ్యొద్దు.

కామెంట్లల్ల ఒక పని చెయ్యండి. మీ ఇంటిభాషల నుంచి ఇంగ్లీష్‌లకు వచ్చే ఒక తప్పు రాయండి, అది ఎందుకు వస్తదో కూడా రాయండి. లంబాడీ, గోండు, నాయకపోడు, ఎరుకల, కోయ, ఎవరైనా సరే. వంద అయినంక మేము వాటిని వరుసల పెట్టి, ఇంటర్ ప్రాక్టికల్‌కు ముందు జూనియర్లందరికీ అందేటట్టు ఒక చిన్న పుస్తకం చేస్తం. మన తప్పుల పుస్తకం, మనమే రాసింది.